మూగకొండ గడియ

నేను ఒక గడియని. ఇప్పుడు చూస్తే అలా కనబడను, నిజమే. మూగకొండ కింద కట్టిన చిన్న మ్యూజియంలో, కిటికీ పక్కనున్న అద్దాలపెట్టెలో, తుప్పుపట్టిన వంకర ఇనపముక్కలా పడి ఉన్నాను. నా ముందు పెట్టిన చీటీమీద 'నాగటి కర్రు' అని ఉంది. పుట్టుకతో నేను కర్రునే. చివరికీ కర్రునే అయ్యాను. మధ్యలో పదకొండేళ్లు మాత్రం కొండమీది విహారం తలుపుకి గడియగా బతికాను. ఆ పదకొండేళ్లూ మనుషుల్ని బాగా దగ్గరగా చూశాను. అంతకుముందు మట్టిని చూశాను, తర్వాత పురుగుల్ని చూశాను. మూడింట్లోనూ మట్టి మంచిది. పురుగులు ఫరవాలేదు.

కొండ సంగతి ముందు చెప్పాలి. మొట్టమొదట ఆ కొండెక్కినవాళ్లు ముగ్గురే భిక్షువులట. ముగ్గురికీ మూడు భిక్షాపాత్రలు, అందరికీ కలిపి ఒక సూది. గుహలో పడుకునేవాళ్లు. గుహకి తలుపు లేదు. దాచుకునేది లేనివాడికి తలుపెందుకు? పొద్దున్నే కింద కొలిమిపాడు దిగి, ఇంటి ముందు నిలబడి, పెట్టింది తిని, కోరికే దుఃఖానికి మూలమని ఒక మాట చెప్పి వెళ్లేవాళ్లు. ఆ మాట సముద్రపు రేవునుంచి వచ్చే వర్తకులకి తెగ నచ్చింది. నచ్చి ఊరుకోలేదు. ఇటుకలిచ్చారు, స్తూపం కట్టించారు, వెండి భరిణెలూ పట్టుగుడ్డలూ బస్తాల ధాన్యమూ తెచ్చి పోశారు. కోరికలు వదులుకోమన్నందుకు వచ్చిన కానుకలు పెట్టుకోడానికి కొట్లు కట్టారు. కొట్లకి చుట్టూ గోడ కట్టారు. గోడకి నాలుగు మూలలా బురుజులు లేపారు. ముగ్గురు కాస్తా నూట నలభైమంది అయ్యారు. నిర్వాణానికి ఇంత గట్టి ప్రహరీ కావాలని ఆ మొదటి ముగ్గురికీ తెలిసినట్టు లేదు పాపం.

గోడకి వాకిలి, వాకిలికి టేకు తలుపులు వచ్చాయి. తలుపులకి గడియ ఒక్కటే తక్కువ. అప్పుడు విహారానికి పెద్ద అయిన ధమ్మసిరి మహాస్థవిరుడు తానే కొండ దిగి కొలిమిపాడు వచ్చాడు. ఊరిని ముందు కూచోబెట్టుకుని చెప్పాడు: రాళ్లు మోసి పెట్టారు, ఇప్పుడు ఇనుము ఇవ్వండి, రేపు ఏ దండు మీదపడినా ఆ గోడ మీకూ గోడే, ఆ తలుపు మీకోసం తెరుచుకునే తలుపే అని. ఊరు నమ్మింది. ఊళ్లకి అదొక రోగం. ఇంటికి రెండు మూడు చొప్పున అరిగిన కర్రులు తెచ్చి కొలిమి ముందు పోశారు. అలా ముప్పైకి పైగా కర్రులు కలిసి నేనయ్యాను.

నన్ను కొట్టినవాడు కమ్మరి మూలడు. మనుషుల్లో నేను తిట్టని ఒకరిద్దరిలో ఒకడు. కర్రుల్ని తెల్లగా కాల్చి, ఒకదానిమీద ఒకటి అతికి, బారెడు పొడవున, మణికట్టంత లావున సాగదీశాడు. తలుపుకి బిగించి పదిమంది చేత తోయించాడు. నేను కదల్లేదు.

ఆ రోజు మూలడన్న మాట నాకింకా వినబడుతూనే ఉంది. అప్పటి భాషలో చెబితే మీకు ఒక్క ముక్క అర్థం కాదు కాబట్టి, వాళ్ల మాటల్ని ఈ కొండ కింద ఇవాళ మాట్లాడే మాటలోకి దించి చెబుతున్నాను. కోపాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

"ఇది ఇరగదు. నాను సచ్చినా ఇరగదు," అన్నాడు.

అంత కచ్చితంగా మాట్లాడే మనిషిని మళ్లీ చూడలేదు.

మూలడికి ఒక కొడుకు, పేరు పోతడు. సమ్మెట ఎత్తితే భుజం నొప్పి, తిత్తి ఊదితే దగ్గు. ఏ వేడిలో దెబ్బ వేయాలో ఏ వేడిలో ఆపాలో తేల్చుకోలేక ఇనుముతో పాటు తండ్రి ఓపికనీ పాడుచేసేవాడు. అలాంటివాళ్లకి అప్పట్లో ఒక మర్యాదైన దారి ఉండేది. గుండు గీయించుకుని కొండెక్కేశాడు. బుధిరఖితుడని పెద్ద పేరు పెట్టారు. కమ్మరి కొడుకు గదా, ఇనుము సంగతి తెలుసులే అని తలుపు దగ్గర కాపలా పెట్టారు. పొద్దున నన్ను తీయడం, పొద్దుగూకితే వేయడం, పక్షానికోసారి నువ్వులనూనె రాయడం. అంతే ఆయన సాధన. పదకొండేళ్లు ఆయన చెమటచెయ్యి నామీద ఉంది. ఆయన్ని నాకంటే బాగా ఎరిగినవాళ్లు లేరు.

మూలడి కూతురు ఉతిర, పోతడికి అప్ప, అంటే అక్క. ఎత్తుకుని పెంచింది. రోజూ పొద్దున్నే పెరుగుముంత నెత్తిన పెట్టుకుని మూడువందల మెట్లూ ఎక్కి వచ్చేది.

"అక్కడ పెట్టి వెళ్లు ఉపాసికా," అనేవాడు ఈయన, ఎవరో ఊరి భక్తురాలితో అన్నట్టు, చూపు నేలకి దించి, గొంతు మార్చి.

"ఉపాసికంట! నీ ముక్కు తుడిసిన సెయ్యిరా ఇది. తలుపు తియ్యడం ఒచ్చీసిందా, ఇంకా నేర్సుకుంతన్నావా బంతెగారూ?"

భిక్షువుల్ని గౌరవంగా పిలిచే 'భంతే' అన్న మాటని ఆమె అలా తిప్పితే ఆయన చెవులు ఎర్రబడేవి. ఆమె నవ్వుకుంటూ దిగిపోయేది. పదకొండేళ్లలో ఆ వాకిట్లో విన్న నవ్వు అదొక్కటే. లోపలివాళ్లు నవ్వేవాళ్లు కారు. చిరునవ్వేవాళ్లు.

లోపలివాళ్ల ఆచారం ఒకటి మీకు చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. వాళ్లకి ఏ నిర్ణయమైనా సంఘమంతా కూర్చునే చేయాలి. పెద్ద లేచి సంగతి ముందు పెడతాడు. ఇష్టమైనవాళ్లు మౌనంగా ఉండండి, ఇష్టం లేనివాళ్లు మాట్లాడండి అంటాడు. అలా మూడుసార్లు అడుగుతాడు. మూడోసారి కూడా ఎవరూ నోరు విప్పకపోతే అందరూ ఒప్పుకున్నట్టు. సీమ లోపల, అంటే విహారం హద్దు లోపల, ఉన్న ప్రతి భిక్షువూ అక్కడ ఉండి తీరాలి. రాలేనివాడు ఇంకొకడి నోట తన సమ్మతి పంపాలి, సంఘం ఏం చేసినా నాకు సరే అని. తలుపు వదిలి వెళ్లకూడదు కాబట్టి మన బుధిరఖితుడు పదకొండేళ్లూ సమ్మతి పంపుతూనే ఉన్నాడు. చీపుళ్లు ఎవరు కట్టాలన్నదానికీ పంపాడు, పులిసిన పెరుగు తాగొచ్చా అన్నదానికీ పంపాడు. సంగతేమిటని ఒక్కసారీ అడిగి ఎరగడు. ఎక్కడో ఎవరో తేలుస్తున్నారు, తనదేమీ లేదు. ఆయన మొహంలో శాంతి అంటారే, అది అదే.

వర్షావాసం మొదలై నెలయింది. వానాకాలం మూడు నెలలూ భిక్షువులు కొండ వదిలి పరఊళ్లు తిరగరు, కింది ఊరికి భిక్షకి మాత్రం దిగుతారు. ఎక్కడో ఇద్దరు రాజులు కొట్టుకున్నారు. ఓడినవాడి దండులో ఒక గుంపు తిండికోసం లోయలో పడింది. మధ్యాహ్నం, జోరున వాన. కొలిమిపాడు జనం అరవైమంది, పిల్లాజెల్లా, రెండు మూడు ఆవులు, ఒక పక్షవాతం ముసలిదాన్ని మోసుకుని మెట్లెక్కి వచ్చారు. దండు వస్తోందని పొద్దున్నుంచే నన్ను వేసి ఉంచారు. ముందు మూలడు వచ్చి తలుపు కొట్టాడు.

"ఒరే పోతా! తలుపు తియ్యి. ఆల్లు ఏరు దాటీసినారు."

"ఉండయ్యా. సంగం కూకుంది. ఇప్పుడే తీసెయ్యమంతారు."

"సంగం కూకోడం ఏట్రా? ఆ గడియ నాను కొట్టినాను. దాన్ని తియ్యడానికి ఒక్క సెయ్యి సాలు, నూట నలబై అక్కర్నేదు."

అప్పుడే లోపల్నుంచి పళ్లూడిన ముసలి భిక్షువొకడు తడుస్తూ వచ్చాడు. ఈయన సమ్మతి పట్టుకెళ్లడానికి.

"తలుపు గురించేనా భంతే?" అన్నాడు బుధిరఖితుడు.

"తలుపు గురించే."

"అయితే నా సమ్మతి ఉంది. తొందరగా చెప్పండి."

ముసలాయన వెళ్లాడు. మన మహానుభావుడు ఊపిరి పీల్చుకున్నాడు. తలుపు తీసే విషయం తేలుస్తున్నారనుకున్నాడు. పదకొండేళ్లలో అడగని మాట ఆ రోజు అడిగాడు, అదీ సగమే అడిగాడు.

సభామండపం వాకిలికి ఇరవై అడుగుల్లో ఉంది. ధమ్మసిరి గొంతు నాకు స్పష్టంగా వినబడింది.

"వర్షావాసంలో ఆడవాళ్లూ పశువులూ సీమ లోపల ఉండటం వినయ నియమాలకి విరుద్ధం. అదీగాక తలుపు తీస్తే వాళ్ల వెనకే దండు లోపలికి వస్తుంది. తలుపు మూసే ఉంచుదామని సంఘం ముందు పెడుతున్నాను. ఇష్టమైన ఆయుష్మంతులు మౌనంగా ఉండండి. ఇష్టం లేనివారు మాట్లాడండి."

మౌనం.

తలుపుకి బయటి పక్క వాన, పిల్లల ఏడుపు, ఆవు అరుపు. లోపలి పక్క నూట ముప్పైతొమ్మిది నోళ్లు. ప్రాణి దేన్నీ నొప్పించకూడదని నీళ్లు కూడా గుడ్డలో వడగట్టి తాగే నోళ్లు.

రెండోసారి అడిగాడు. ఎవడో దగ్గాడు. నాకు ఆశ పుట్టింది. ఉత్త దగ్గే.

మూడోసారి అడిగాడు.

ఇందులో ఇంకా సిగ్గుమాలిన సంగతి నాకు తర్వాత తెలిసింది. తర్వాత రోజుల్లో ఒక్కొక్కడే వాకిలి దగ్గరికొచ్చి, వానచూరు కింద నిలబడి, గొణుక్కున్నారు. పక్కవాడు లేస్తాడనుకున్నాను అన్నాడొకడు. నాకంటే పెద్దవాళ్లున్నారు గదా అన్నాడొకడు. చివరికి ధమ్మసిరి కూడా వచ్చాడు. ఎవరో ఒకరు అడ్డు చెబుతారనే అలా పెట్టాను, తలుపు తీయమని నేనే అంటే పక్షపాతం అంటారని భయపడ్డాను అన్నాడు. విన్నారా? అడిగినవాడికీ ఇష్టం లేదు, విన్నవాడికీ ఇష్టం లేదు. నూట నలభైమందీ వద్దనుకున్న పని నూట నలభైమందీ కలిసి చేశారు. ఏ దొంగల గుంపూ ఇలాంటి పని చేయలేదు. వాళ్లలో ఒక్కడైనా అడ్డు చెబుతాడు.

ముసలి భిక్షువు తిరిగొచ్చాడు.

"మూసే ఉంచమన్నారు."

"ఎవరన్నారు?" అన్నాడు బుధిరఖితుడు.

"ఎవరూ ఏమీ అనలేదు. అదే గదా నిర్ణయం. మీ సమ్మతి కూడా అందులో ఉంది."

అప్పుడు ఆయన చెయ్యి నామీద పడింది. చెమట కాదు, మంచులా ఉంది. లాగాడు. మొదటిసారి తనంతట తాను నన్ను లాగాడు. రెండు వేళ్ల మేర జరిగాను. ఇంకో నాలుగు వేళ్లు జరిగితే తలుపు వచ్చేస్తుంది. నూనె రాసి ఉంది, వెన్నలా కదులుతాను. నేను సిద్ధంగా ఉన్నాను. ఇనుముకి ఇంతకంటే సిద్ధపడటం చేతకాదు.

ఆగిపోయాడు.

ఏ వేడిలో దెబ్బ వేయాలో ఆయనకి అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. అవతల మూలడు చెవి తలుపుకి ఆనించి ఉన్నాడు. తాను చేసిన గడియ చప్పుడు ఆయనకి తెలీకుండా ఉంటుందా?

"సగం తీసినావు. ఇనబడింది," అన్నాడు మెల్లగా. "సగం తీసిన తలుపు మూసిన తలుపేరా, పోతా."



మెట్ల కింద గుర్రాలు కనబడ్డాయి. మూలడు ఇంక తలుపు వైపు తిరగలేదు. "ఉతిరా! మేకలదారి పట్టండి. పిల్లల్ని ముందు తోసీయండి. నాను ఇక్కడ కూకుంతాను," అన్నాడు. సమ్మెట ఒళ్లో పెట్టుకుని, తలుపుకి వీపు ఆనించి, మెట్టుమీద కూర్చున్నాడు. ఆ చెక్కకి బయట వీపు, లోపల నేను, నా మీద ఆయన కొడుకు చెయ్యి. ఆ ఇరుకు వాకిట్లో ఒక ముసలాడు ఎంతసేపు ఆపగలడో అంతసేపు ఆపాడు. మేకలదారిన ముప్పైమంది కొండ వెనక్కి దాటిపోయారు. వాళ్లలో ఉతిర ఉంది. మిగతావాళ్లు దాటలేదు.

ఆ తర్వాత దండువాళ్లు దూలం తెచ్చి తలుపుని చాలాసేపు కుమ్మారు. నేను విరగలేదు. మూలడు అన్నట్టే, ఆయన చచ్చినా విరగలేదు. పొద్దు వాలకముందే విసిగిపోయి, కింద ఊళ్లో ఉన్న ధాన్యం, గొడ్లు, పలుగూ పారా కర్రులతో సహా ఇనుమంతా ఎత్తుకుని పోయారు. అంత బాగా పనిచేసినందుకు నామీద నాకు కలిగిన అసహ్యం, తుప్పు కంటే ముందు పట్టింది.

అప్పుడు తలుపు తీశారు. హాయిగా, చప్పుడు లేకుండా తెరుచుకుంది. ధమ్మసిరి బయటికొచ్చి, మెట్లమీద పడి ఉన్నవాళ్లని చూసి, పుట్టినదంతా గిట్టక తప్పదని చక్కటి ఉపదేశం ఒకటి ఇచ్చాడు. వినాల్సినవాళ్లు వినలేదు. చచ్చిపోయారు గదా.

మర్నాడు పొద్దున భిక్షువులు ఎప్పట్లాగే భిక్షకి దిగారు. దిగడానికి మొహమెలా వచ్చిందని అడక్కండి, ఆకలికి మొహం ఉండదు. రాత్రికే ఊళ్లోకి తిరిగొచ్చినవాళ్లలో ఎవరూ తిట్టలేదు, రాయి విసరలేదు. ప్రతి గుమ్మం ముందూ ఒక కుండ బోర్లించి ఉంది. భిక్షువులకి ఆ గుర్తు బాగా తెలుసు. తప్పు చేసిన ఇంటి అన్నం ముట్టకూడదనుకుంటే పాత్ర బోర్లించడం వాళ్ల ఆచారమే. ఊరు దాన్ని తిరగేసి వాళ్లకే చూపించింది.

ఉతిర గుమ్మంలో నిలబడి ధమ్మసిరితో అందట: "నా తలుపు తెరిసే ఉంది బాబూ. కుండే మూసీసినాను."

వర్షావాసం అయ్యేదాకా కొట్లో ధాన్యంతో లాగారు. తర్వాత పదిమంది, ఇరవైమంది చొప్పున వేరే విహారాలకి సర్దుకున్నారు. ధమ్మసిరి వెండి భరిణెలు మోయించుకుని వెళ్లాడు. ఏ దండూ బద్దలు కొట్టలేని కోటని బోర్లించిన కుండలు ఖాళీ చేశాయి.

బుధిరఖితుడు మిగిలాడు. ఆ రోజు తర్వాత నన్ను మళ్లీ ఎన్నడూ వేయలేదు. పగలూ రాత్రీ తలుపు తెరిచే ఉంచాడు. అందుకని ఆయనమీద నాకేమీ గౌరవం పెరగలేదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి మొరిగే కుక్కల్ని నేను చాలా చూశాను. రోజూ కొండ దిగి, ఉతిర గుమ్మం ముందు, బోర్లించిన కుండ ముందు, భిక్షువు నిలబడాల్సినంతసేపు నిలబడి, ఖాళీ పాత్రతో తిరిగొచ్చేవాడు. భిక్షువు చెట్టుమీద కాయ ఉన్నా తెంపుకోకూడదు, ఎవరో చేతికివ్వాలి. గొర్రెలు కాసుకునేవాడొకడు దయదలిచి పెట్టిన గంటెలతో, అదే సజ్జలతో, బతికాడు. ఎండి కర్రలా అయ్యాడు.

మరుసటి ఏడు తొలకరి పడింది. ఊళ్లో నాగళ్లున్నాయి, కర్రులు లేవు. ఉతిర ఉత్త కొయ్యనాగలితో గట్టినేలని గీకుతోంది. ఈయన గట్టుమీద నిలబడి చూశాడట. ఏమీ అనకుండా కొండెక్కాడు. తలుపు పట్టీలు రాయితో కొట్టి కొట్టి ఊడదీశాడు. నన్ను భుజాన వేసుకుని మూడువందల మెట్లూ, నాలుగు చోట్ల కూలబడుతూ దిగాడు. తీసుకెళ్లి ఆ బోర్లించిన కుండ ముందు పెట్టాడు.

"ఇది మీ ఇనుమే," అన్నాడు.

ఉతిర నన్ను చూసింది. ఆయన్ని చూడలేదు.

"కొట్టేవోడేడీ?" అంది. "కొట్టేవోణ్ని మీ గుమ్మంలోనే ఒదిలీసినాం."

ఆయన అక్కడే కాషాయం విప్పాడు. మడతపెట్టి భిక్షాపాత్రమీద పెట్టాడు. గోచిపాతతో కొలిమిలోకి నడిచి, బూడిద తోడి, బొగ్గులు పేర్చాడు. సమ్మెట లేదు, రాతిగుండు ఒకటి దొరికింది. అప్పుడు వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"అప్పా. తిత్తి ఊదుతావా?"

ఆమె మాట్లాడలేదు. ఆయన మళ్లీ అడిగాడు. మాట్లాడలేదు. మూడోసారి అడగబోతుంటే, వచ్చి తిత్తి దగ్గర కూర్చుంది.

ఆ కొండ కథ మొత్తంలో మౌనం నిజంగా ఒప్పుకోలు అయింది ఆ ఒక్కసారే.

నన్ను ముక్కలు చేశాడు. ఏడు కర్రులు చేశాననుకున్నాడు. చేతకానివాడి పని, అడగాలా? చల్లారాక కొట్టాడు, తెల్లగా కాలినప్పుడు ఆపాడు. అందులో లావుపాటి ముక్క, అంటే ఇప్పుడు మిగిలిన నేను, ఎడమకి వంగిపోయింది. ఉతిర నన్ను నాగలికి తగిలించి తోలింది. చాలు చక్కగా రాక పక్కకి జారిపోయింది.

"ఎద్దుకి కూడా తెలిసిపోద్ది ఎవుడు కొట్టినాడో," అంది. కానీ తీసి పారేయలేదు. సాయంత్రం గుమ్మం ముందు కుండ నిలబెట్టింది. అంబలి వండి, భిక్షువుకి పెట్టినట్టు దణ్ణం పెట్టి కాకుండా, పనిమనిషికి పెట్టినట్టు నేలమీద పెట్టి, "తాగు," అంది. ఆయన తాగాడు. తర్వాత ఎన్నేళ్లు బతికాడో అన్నేళ్లూ వంకర కర్రులే కొట్టాడు. క్షమించాననే మాట ఆమె నోట నేను వినలేదు. అదే నాకు నచ్చింది.

అరిగాను, విరిగాను, గట్టులో పూడిపోయాను. కొండమీద గోడలు కూలాయి. పిలిస్తే పలకదని కొండకి మూగకొండ అని పేరు పడింది. అసలు సంగతి ఎవరికీ గుర్తు లేదు. చదువుకున్నవాళ్లు వచ్చి తవ్వి, నన్ను బురుషుతో తోమి ఇక్కడ పెట్టారు. భిక్షువులు స్వయంగా వ్యవసాయం చేసేవారనడానికి ఇది నిదర్శనమట. ఆదివారం ఆదివారం పంతులొకాయన పిల్లల్ని తోలుకొచ్చి, కరుణకి పుట్టినిల్లు ఈ కొండ, ఈ విహారం తలుపు ఎవరికీ మూసేవారు కాదు అని చెబుతాడు. పిల్లలు రాసుకుంటారు.

ఇక్కడ ఊడ్చే మనిషి గున్నమ్మ, కింద ఊరిదే. మొన్న అద్దం తుడుస్తూ తుడుస్తూ ఆగి, నావైపు వంగి చూసింది.

"ఏటిది, ఎడమకి గుంజీసింది? ఈ కర్రు కొట్టినోడికి పని రాదు," అని నవ్వింది.

ఎన్ని వందల ఏళ్ల తర్వాతో, ఈ కొండ దగ్గర ఒక నిజం విన్నాను. కొట్టినవాడెవడో చెబుదామనిపించింది. ఆమె మళ్లీ అడగలేదు. గుడ్డ భుజాన వేసుకుని పక్క పెట్టె దగ్గరికి వెళ్లిపోయింది. నేను ఊరుకున్నాను.

ఈ మౌనాన్ని మాత్రం ఒప్పుకోలు కింద రాసుకోకండి.